పావు తులం గబ్బిలం

శాలిబండలో మా పాత ఇల్లు పడగొట్టడానికి ముందు ఏడాది సంగతి. వానాకాలం. ఒక రాత్రి కరెంటు పోయి, వచ్చేసరికి హాల్లో గబ్బిలం తిరుగుతోంది. నాలుగు చుట్లు కొట్టి, తలుపు పక్కన క్యాలెండర్ వెనక్కి దూరిపోయింది. "ఇంట్ల గబ్బిలం జొస్తే మంచిది కాదంటరు, ఎల్లగొట్టు రా. చేతితోని ముట్టకు మల్ల" అని అమ్మ లోపలి గదిలోంచి అరుస్తోంది. కిటికీలు తీశాం, లైట్లు ఆర్పేశాం. అది కదల్లేదు. చివరికి ఖాళీ హార్లిక్స్ సీసా మూతి గోడకి ఆనించి, వెనక నుంచి అట్టముక్క జారిస్తే అందులోకి దిగింది.

అప్పటికి పక్కింటి చాచా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చార్‌కమాన్‌లో ఒక నగల దుకాణంలో నలభై ఏళ్ళు త్రాసు దగ్గర కూర్చున్న మనిషి. సీసాని వెలుగులోకి పట్టుకుని చూసి, "పావ్ తోలా భీ నై హోంగా, బేటా" అన్నాడు. ఇంకెవరైనా అయితే ఎంత చిన్నగా ఉందో అనేవారు. ఆయన తూచాడు.

గబ్బిలాన్ని డాబా మీద పిట్టగోడ పక్కన వదిలేశాం. మాట మాత్రం నాతో ఉండిపోయింది. ఆయన చెప్పింది కరెక్టేనా? కరెక్టో కాదో చూడాలంటే గబ్బిలాల బరువు ఎవరో ఎక్కడో తూచి రాసిపెట్టి ఉండాలి కదా. ఆదివారం గంట కూర్చుంటే తేలిపోతుందనుకున్నాను. కొన్ని నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ వెతుకులాట.

*

ముందు లెక్క. పాత తులం 11.66 గ్రాములు. తులానికి పన్నెండు మాషాలు, మాషాకి ఎనిమిది గురిగింజలు, అంటే తులానికి 96 గురిగింజలు. ఈ రోజుల్లో మన దుకాణాల్లో తులం అంటే పది గ్రాములనే అర్థం. ఆ లెక్కన చూసినా ఈ లెక్కన చూసినా పావు తులం రెండున్నర, మూడు గ్రాముల మధ్యే పడుతుంది. ఇరవై నాలుగు గురిగింజలు. ఇంకోలా చెప్పాలంటే, నిజాం కాలంలో చార్మినార్ బొమ్మతో ముద్రించిన వెండి పావలా దాదాపు 2.8 గ్రాములు ఉండేది. అంత.

ఇక గబ్బిలం. తెలుగు నేలంతటా, ఊళ్ళలోనూ నగరాల్లోనూ, పొద్దు గుంకగానే వీధి దీపాల చుట్టూ తిరిగే చిన్న గబ్బిలాల్లో అన్నిటికంటే చిన్నది పిపిస్ట్రెల్లస్ టెన్యుయిస్. పాత పుస్తకాల్లో పిపిస్ట్రెల్లస్ మైమస్ అని కనిపిస్తుంది. మరుగుజ్జు గబ్బిలం అనుకుందాం. తల నుంచి తోక మొదలు దాకా నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ. ముంజేయి ఎముక సుమారు 25 నుంచి 31 మిల్లీమీటర్లు. బరువు రెండు నుంచి నాలుగు గ్రాముల లోపు. గోల్కొండ కోటలో పర్యాటకులు ముక్కు మూసుకునే గబ్బిలాలు వేరు, అవి దీనికంటే చాలా పెద్దవి. ఇది గోడ బీటలో, పెంకుల కింద, చెట్టు బెరడు సందులో, క్యాలెండర్ వెనక పట్టే జంతువు.

మా ఇంట్లోకి వచ్చింది ఇదేనని సీసాలో చూసి తేల్చేయడం కుదరదు. దీనికి అన్నలాంటి పిపిస్ట్రెల్లస్ కోరమాండ్రా అని ఇంకోటుంది. రెండిటి ముంజేయి కొలతలూ కొంత మేర ఒకదాని మీద ఒకటి పడతాయి. కపాలం, పళ్ళు చూస్తే గానీ నిపుణులు కూడా ఖాయంగా విడదీయలేరు. ఈ కుటుంబంలో పేరు పెట్టడమంటేనే కొలవడం. కాబట్టి ఎవరు కొలిచారు, ఏం కొలిచారు అన్నది చిన్న ప్రశ్న కాదు.

*

కోరమాండ్రాకి ఆ పేరు 1838లో వచ్చింది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి జాన్ ఎడ్వర్డ్ గ్రే, పుదుచ్చేరి వైపు నుంచి వచ్చిన నమూనాకి మన కోరమాండల్ తీరం పేరే పెట్టాడు. రెండేళ్ళకి, 1840లో, డచ్చి శాస్త్రవేత్త టెమ్మింక్ సుమత్రా నుంచి వచ్చిన చిన్న గబ్బిలానికి టెన్యుయిస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో సన్నటిది, పల్చటిది అని. 1899లో రాబర్ట్ చార్లెస్ రాటన్ అనే బొంబాయి ప్రెసిడెన్సీ అటవీ అధికారి, సూరత్ దగ్గర డాంగ్స్ అడవుల గబ్బిలాన్ని మైమస్ అన్నాడు. మైమస్ అంటే అనుకరించేవాడు. తర్వాతి తరం వాళ్ళు టెన్యుయిస్, మైమస్ ఒకే జాతి అని కలిపేశారు.

మనకి ఇంకా దగ్గర కథ ఒకటుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో బళ్ళారి ఒకటి. ఆ బళ్ళారి కొండల్లో దొరికిన చిన్న గబ్బిలానికి 1875లో జార్జ్ ఎడ్వర్డ్ డాబ్సన్ స్కోటోజోవస్ డోర్మెరి అని పేరు పెట్టాడు. డాబ్సన్ సైన్యంలో వైద్యుడు. ఆ మరుసటి సంవత్సరమే కలకత్తా ఇండియన్ మ్యూజియం గబ్బిలాల మీద ఆయన పెద్ద గ్రంథం వచ్చింది. 1878లో బ్రిటిష్ మ్యూజియం గబ్బిలాల జాబితా కూడా ఆయనే రాశాడు. తల, చెవి, ముంజేయి, బొటనవేలు, మూడో వేలు, తోక, పాదం... ఏదీ వదలకుండా కొలిచిన మనిషి.

ఈ వరుసలో ఎక్కడా బరువు లేదు. నేను రోజంతా డేటాబేస్‌లతో పని చేసేవాణ్ణి. ఒక టేబుల్‌లో అన్ని కాలమ్‌లూ నిండి ఒక్కటే ఖాళీగా ఉంటే, అది ఎవరో మర్చిపోవడం వల్ల కాదని, ఆ సమాచారం వచ్చే దారే లేదని మాకు అనుమానం వస్తుంది. ఇక్కడా అంతే. డాబ్సన్ బల్ల మీదకి వచ్చేది స్పిరిట్ సీసాలో నెలలో, ఏళ్ళో నానిన శరీరం. లేదా దూది కుక్కిన తోలు. స్పిరిట్‌లో కండ కుంచించుకుపోతుంది, నీరు పోతుంది, స్పిరిట్ చేరుతుంది. దాన్ని తూస్తే వచ్చే అంకె స్పిరిట్‌ది, గబ్బిలానిది కాదు. ఎముక మాత్రం మారదు. అందుకే గబ్బిలాల శాస్త్రం ముంజేయి ఎముక మీద నిలబడింది.

20వ శతాబ్దంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1911లో తలపెట్టిన క్షీరదాల సర్వే ఈ పనిని మ్యూజియం నుంచి అడవిలోకి తెచ్చింది. ఉద్యోగం మానాక రాటన్ ఆ సర్వే నమూనాల మీద లండన్‌లో కూర్చుని రిపోర్టులు రాశాడు. జంతువు చచ్చిన గంటల్లోనే కొలిచి, కాలికి చీటీ కట్టేవాళ్ళు. ఆ చీటీ మీద అలవాటుగా ఉండేవి నాలుగు కొలతలు: తల-ఒళ్ళు, తోక, వెనక పాదం, చెవి. త్రాసు అందులో లేదు. మూడు గ్రాముల్ని నమ్మకంగా తూచే త్రాసుని ఎడ్ల బండి మీద అడవిలోకి మోసుకెళ్ళడం ఊహించుకోండి. అది ఉండాల్సిన చోటు చార్‌కమాన్, మరదల్లా గాజు పెట్టెలో.

ఇది నన్ను కాసేపు ఆపేసింది. 1591లో చార్మినార్ లేచిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల మనుషులు ముత్యాన్ని, బంగారాన్ని, వెండిని గురిగింజలతో తూచారు. గింజలో సగం తేడా వస్తే జగడాలయ్యాయి. అదే కప్పుల కింద బతికిన పావు తులం ప్రాణిని మాత్రం త్రాసులో పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

*

బరువు తెలియకపోతే నష్టమేంటి అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ముంజేయి ఉంది కదా, జాతి తెలుస్తోంది కదా.

ముంజేయి ఎవరో చెబుతుంది. ఎలా ఉందో బరువు చెబుతుంది. పెరగడం అయిపోయాక ముంజేయి మారదు. బరువు సాయంత్రానికీ అర్ధరాత్రికీ మారుతుంది. పగలంతా ఆ పల్చటి రెక్కల మీంచి నీరు ఆవిరైపోతుంది. సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు అది ఖాళీ కడుపుతో, ఆ రోజుకి అత్యంత తేలిగ్గా ఉంటుంది. పురుగులు తిని తిరిగొచ్చేసరికి బరువు బాగా పెరుగుతుంది. కడుపుతో ఉన్న ఆడది ఇంకా బరువు. మరుగుజ్జు గబ్బిలం తరచు కవలల్ని కంటుంది. తన ఒంట్లో చెప్పుకోదగ్గ వంతు బరువున్న పిల్లల్ని మోస్తూ అది ఎగిరి వేటాడాలి.

చిన్నగా ఉండటంలో ఇంకో చిక్కుంది. ఒళ్ళు చిన్నదయ్యే కొద్దీ, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువవుతుంది. వేడి తొందరగా పోతుంది. చిన్న గిన్నెలో చాయ్ తొందరగా చల్లారినట్టు. ఆ వేడిని నిలబెట్టుకోవడానికి ఎడతెగకుండా తినాలి, లేదా తిండి లేని వేళల్లో ఒంటిని చల్లబరుచుకుని మొద్దునిద్రలోకి జారిపోవాలి. ఇలాంటి గబ్బిలం ఒక రాత్రిలో ఒక గ్రాము పురుగులు తిన్నదనుకోండి. దోమ ఒక్కోటి రెండు మిల్లీగ్రాములు వేసుకుంటే అది ఐదు వందల దోమల బరువు. నిజానికి అవి దోమలొక్కటే తినవు. చిన్న చిమ్మటలు, పెంకు పురుగులు, ఉసిళ్ళు అన్నీ తింటాయి. అయినా పావు తులం ఒంటికి ఒక గ్రాము అంటే ఎంతో చూడండి. అరవై కిలోల మనిషి రాత్రికి ఇరవై కిలోలు తిన్నట్టు.

కాబట్టి గబ్బిలాల బరువుని నెలలవారీగా, ఏళ్ళవారీగా తూచి పెట్టుకుంటే, ఆ వీధిలో పురుగులు తగ్గాయా, వాన ఆలస్యమైతే ఏమవుతోంది, పిల్లలు ఎప్పుడు పుడుతున్నాయి అన్నీ ఆ అంకెల్లో కనిపిస్తాయి. పాత అంకెలు లేకపోతే ఇప్పటి గబ్బిలం చిక్కిపోయిందా లేదా అన్న ప్రశ్నే వేయలేం. దేనితో పోల్చాలి?

*

బతికున్న మరుగుజ్జు గబ్బిలాన్ని మన దక్షిణాదిలో ఓపిగ్గా గమనించిన వాళ్ళు మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు. ఐజాక్, మారిముత్తు 1996లో దీని పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి ఎలా పెరుగుతాయో, పెరుగుదలని బట్టి వయసు ఎలా చెప్పొచ్చో ప్రచురించారు. ఇలాంటి పని చచ్చిన నమూనాతో జరగదు. మళ్ళీ మళ్ళీ పట్టుకోవాలి, కొలవాలి, తూచాలి, వదిలేయాలి.

తూచే పద్ధతి వింటే చాచా సంతోషిస్తాడు. గబ్బిలాన్ని చిన్న గుడ్డ సంచిలో వేసి సంచితో సహా తూస్తారు. తర్వాత ఖాళీ సంచిని తూచి తీసేస్తారు. నగల కొట్లో డబ్బీ బరువు తీసేసినట్టే.

మన దగ్గర ఈ పనికి ఇల్లు ఉస్మానియా విశ్వవిద్యాలయం. జంతుశాస్త్ర విభాగంలో చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు ఏళ్ళ తరబడి గబ్బిలాల మీద పని చేశారు. 2010లో చెల్మల శ్రీనివాసులు, పాల్ రేసీ, షారుఖ్ మిస్త్రీ కలిసి దక్షిణాసియా గబ్బిలాల్ని గుర్తుపట్టే కీ ఒకటి ప్రచురించారు. మెట్టు మెట్టుగా ప్రశ్నలుంటాయి: ముంజేయి ఇంతకంటే ఎక్కువా, తక్కువా? ఇలా ఉందా, అలా ఉందా? మా భాషలో చెప్పాలంటే వరసగా ఇఫ్-ఎల్స్. చదువుతుంటే గ్రే, డాబ్సన్, రాటన్ కొలిచిన కొలతలన్నీ చివరికి ఒక ఉపయోగపడే ప్రోగ్రామ్ అయినట్టు అనిపించింది.

ఈ కొలతల మీద ఎంత ఆధారపడి ఉంటుందో తెలియాలంటే కోలారు వెళ్ళాలి. కర్ణాటకలో తెలుగు ఇంటి భాషగా వినిపించే జిల్లా అది. అక్కడ హనుమనహళ్ళి దగ్గర గ్రానైట్ గుట్టలో ఒక చిన్న గుహ ఉంది. 1994లో డీటర్ కాక్, హెచ్. ఆర్. భట్ వర్ణించిన కోలారు ఆకుముక్కు గబ్బిలం, హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్, ఇప్పుడు ప్రపంచంలో ఆ ఒక్క గుహలోనే ఉన్నట్టు తెలుసు. రెండు వందలకి మించవు. అదే గుహలో దాన్ని పోలిన దుర్గాదాసి అనే ఇంకో చిన్న గబ్బిలం కూడా ఉంటుంది. కొలతలు, ముక్కు మీది తోలు ఆకారం, కేకల ఫ్రీక్వెన్సీ చూసి రెండిటినీ విడదీయాలి. ఉస్మానియా బృందం ఆ రెండిటి కేకల్ని రికార్డు చేసి 2015లో ప్రచురించింది. గుట్ట చుట్టూ రాయి కొట్టే పని నడిచేది. ఇవన్నీ ఒకటే మామూలు గబ్బిలం అని ఎవరైనా అనేసి ఉంటే, ఆ గుహ ఈపాటికి కంకర అయ్యుండేది. కొన్ని మిల్లీమీటర్లు, కొన్ని కిలోహెర్ట్జ్‌లు ఆ గుట్ట కోసం వాదించాయి. కర్ణాటక ప్రభుత్వం గుహ చుట్టూ భూమిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

*

పేరు, కొలత, రక్షణ ఎలా ముడిపడతాయో చెప్పే ఇంకో కథ హైదరాబాద్‌లో మొదలై థాయిలాండ్‌లో తేలుతుంది. 1931-32లో నిజాం ప్రభుత్వ సాయంతో సలీం అలీ హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేశాడు. అది పక్షుల సర్వే. గబ్బిలాలకి అలాంటి అదృష్టం పట్టలేదు. 1948లో తమిళనాడు కొండల్లో పట్టిన ఒక పండు తినే గబ్బిలం, మామూలు జాతి అన్న చీటీతో బొంబాయి సొసైటీ సొరుగులో ఏళ్ళ తరబడి పడుంది. థాయిలాండ్ శాస్త్రవేత్త కిట్టి థాంగ్‌లాంగ్యా దాన్ని చూసి, ఇది వేరే జాతే కాదు, వేరే ప్రజాతి అని గుర్తించి, 1972లో సలీం అలీ పేరు పెట్టాడు. రెండేళ్ళకి కిట్టి చనిపోయాడు. అంతకుముందు ఆయన పశ్చిమ థాయిలాండ్ గుహల్లో కనుక్కున్న రెండు గ్రాముల గబ్బిలానికి 1974లో జె. ఇ. హిల్ ఆయన పేరు పెట్టాడు. ప్రపంచంలో అతి చిన్న గబ్బిలం అదే.

అదే 1972లో మన వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. కాలక్రమంలో అందులో మొదటి షెడ్యూలు, అంటే పూర్తి రక్షణ, రెండే గబ్బిలాలకి దక్కింది. ఒకటి సలీం అలీ గబ్బిలం. రెండోది రాటన్ గబ్బిలం, మన మైమస్‌కి పేరు పెట్టిన ఆ రాటనే. పండు తినే మిగతా గబ్బిలాలు ఎలకలు, కాకులతో పాటు హానికర జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణలో ఆ షెడ్యూలు తీసేశారు. మరి మరుగుజ్జు గబ్బిలం? అరుదైనది కాదు కాబట్టి రక్షణ లేదు. పండ్లు తినదు కాబట్టి హానికరం కూడా కాదు. యాభై ఏళ్ళు అది చట్టం కంట పడనే లేదు.

సాహిత్యంలో మనకి గబ్బిలమంటే జాషువా. 1941లో, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గుడిలో వేలాడగలిగే గబ్బిలాన్ని పంపాడు. ఆ కావ్యాన్ని కాలేజీలో చదివినప్పుడు నేను కబురు గురించే ఆలోచించాను. మోసుకెళ్ళేదాని గురించి కాదు. ఈ మధ్య పరిశోధకుల నియమం ఒకటి తెలిసింది. గబ్బిలానికి రేడియో ట్రాన్స్‌మిటర్ తగిలిస్తే అది దాని బరువులో ఐదు శాతం దాటకూడదు. పావు తులంలో ఐదు శాతమంటే ఒక గురిగింజ, ఇంకొంచెం. దొరికే ట్రాన్స్‌మిటర్లలో చాలావరకు అంతకంటే బరువు. అందుకే పెద్ద గబ్బిలాలు రాత్రి ఎక్కడెక్కడ తిరిగాయో మ్యాప్ మీద గీతలు గీయగలిగినంత తేలిగ్గా ఈ చిన్నవాటికి గీయలేం. మా వీధి దీపం దగ్గర తిన్నాక అవి ఎటు పోతాయో, గీతతో చూపించడం కష్టం.

*

మా పాత ఇల్లు పోయింది. డంగుసున్నం గోడలు, టేకు దూలాలు, వాటి మధ్య వేలు దూరేంత సందులు. ఇప్పుడు మూడంతస్తుల కాంక్రీటు. పుట్టీ పెట్టి, రంగు వేసి, ఎక్కడా సందు లేకుండా కట్టించుకున్నాం. బీటలు లేవని మేస్త్రీని మెచ్చుకున్నది కూడా నేనే. శాలిబండ, లాల్ దర్వాజా, అలియాబాద్, ఎటు చూసినా ఇదే పని నడుస్తోంది. ఇంటివాళ్ళని తప్పు పట్టలేను, వర్షానికి కురిసే ఇంట్లో పెరిగినవాణ్ణి. కానీ నాలుగు సెంటీమీటర్ల జంతువుకి ఆ బీటే ఇల్లు. దాని లెక్క ఎస్టిమేట్‌లో లేదు.

పోయిన నెల చాచాకి చెప్పాను, మీరు చెప్పింది కరెక్టే, పుస్తకాల్లో రెండు నుంచి నాలుగు గ్రాములని ఉంది అని. ఆయనకి నచ్చలేదు. "దో సే చార్? యే కైసా తోల్ హై?" అన్నాడు. రెండుకీ నాలుగుకీ మధ్య సగానికి సగం తేడా. బంగారం పొద్దున ఎంతో సాయంత్రం అంతే. అలాంటి తూకం రాస్తే తనని దుకాణంలో ఉంచేవాళ్ళు కాదన్నాడు. తిన్నదా తినలేదా, కడుపుతో ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, "తో ఫిర్ రోజ్ తోల్నా పడేగా" అన్నాడు. రోజూ తూచాల్సి ఉంటుంది మరి. రెండు వందల ఏళ్ళ చరిత్ర చదివి నేను చేరుకున్న చోటికి ఆయన ఒక నిమిషంలో చేరుకున్నాడు.

గబ్బిలాల్ని పట్టి తూచడానికి నాకు శిక్షణ లేదు, అనుమతి లేదు, ఎవరూ సొంతంగా చేయకూడదు కూడా. లెక్కపెట్టడం మాత్రం చేతనవును. ఈ వానాకాలం నుంచి పొద్దు గుంకాక పది నిమిషాలు డాబా మీద నిలబడి, వీధి దీపం వెలుగులోంచి ఎన్నిసార్లు దాటాయో రాస్తున్నాను. ఒకటే రెండుసార్లు దాటి ఉండొచ్చు. కాబట్టి అది గబ్బిలాల లెక్క కాదు, దాటిన లెక్క. తేదీ, టైము, వాన పడిందా లేదా, దాటినవి. నాలుగు కాలమ్‌లు. నిన్న పదకొండు.